ఒక్క బుక్క

గోడాదరా సూరత్ నగరానికి ఆగ్నేయపు కొస. లింబాయత్ దాటాక పర్వత్ పాటియాకూ డిండోలీకీ నడుమ పరుచుకున్న సొసైటీలు. వరంగల్, కరీంనగర్, నల్గొండ పల్లెల్లో చేతిమగ్గం విడిచిపెట్టి సూరత్ సాంచాల (మరమగ్గాల) మీద పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ చుట్టుపక్కలంతా ఉన్నాయి. ఒక అంతస్తులో తెలుగు, మరో అంతస్తులో మరాఠీ, ఎదురింట్లో ఒడియా, మూలమీది దుకాణంలో గుజరాతీ. పొద్దుగూకాక ఏ తెలుగు గడప ముందు నిలబడ్డా ఇంచుమించు ఇవే మాటలు వినిపిస్తాయి.

"గీ ఒక్క బుక్క తిను బిడ్డా."

"నాకొద్దు."

"ఇది తింటే పాకెట్ కొనిస్త."

తల్లి చేతిలో పప్పన్నం చల్లారిపోతుంటుంది. పిల్లవాడి చూపు దుకాణం ముందు తోరణాల్లా వేలాడే అయిదు రూపాయల పాకెట్ల మీద ఉంటుంది. నాయనమ్మ లోపలినుంచి "మా కాలంల పిల్లలు గిట్ల సతాయించలే" అంటుంది. ఈ అధ్యాయం ఆ ఒక్క బుక్క గురించి. పిల్లవాడు దాన్ని ఎందుకు వద్దంటాడు, ఎలా పెడితే తింటాడు, పన్నెండు గంటల షిఫ్టు నడిచే ఇంట్లో ఆ సలహాల్లో ఎన్ని పనికొస్తాయి అన్నది చూద్దాం.

ముందు ఒక లెక్క. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది నిండేసరికి దాదాపు తొమ్మిది కిలోలవుతాడు. మూడింతలు! అదే జోరు సాగితే రెండో పుట్టినరోజుకి ఇరవై ఏడు కిలోలు తూగాలి. తూగడు. రెండో ఏట పెరిగేది రెండు, రెండున్నర కిలోలు; ఆ తర్వాత అయిదేళ్లు వచ్చేదాకా ఏడాదికి ఇంచుమించు రెండేసి కిలోలు. ఒళ్లు పెరిగే వేగం తగ్గితే ఆకలీ తగ్గుతుంది. నిన్నటిదాకా గిన్నె ఖాళీ చేసిన పిల్ల ఏడాదిన్నరకు నాలుగు ముద్దలతో మూతి తిప్పుకుంటే అది తెగులు కాదు, ఒంటి లెక్క. ఈ సంగతి తెలియక చాలా ఇళ్లలో యుద్ధం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. అమెరికాలో మూడు వేల పైచిలుకు పసిపిల్లల ఇళ్లలో చేసిన ఒక సర్వేను 2004లో ప్రచురించారు. నాలుగు నెలల పిల్లల విషయంలో "మా బిడ్డ తిండి దగ్గర పేచీ" అన్నవాళ్లు 19 శాతం. రెండేళ్ల పిల్లల దగ్గరికి వచ్చేసరికి వాళ్లు 50 శాతం. పేచీ ఊరిదో కులానిదో కాదు, వయసుది.

ఆకలి తగ్గడం సగం కథే. మిగతా సగం భయం. మనిషి అన్నీ తినే జంతువు. అన్నీ తినగలిగే జంతువుకు ఒక చిక్కుంది: కొత్తది తినకపోతే పోషకాలు అందవు, తింటే విషం కావచ్చు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ 1976లో ఈ సంకటం గురించి రాశాడు. చంకలో ఉన్నంతకాలం బిడ్డ నోట్లోకి ఏది వెళ్లేదీ తల్లే చూసుకుంటుంది. నడక వచ్చాక తనే ఆకూ కాయా అందుకోగలడు. ఆ వయసులో కొత్త తిండిని అనుమానించే బుద్ధి మన పూర్వీకుల పిల్లల్ని కాపాడి ఉంటుంది. రెండు నుంచి ఆరేళ్ల దాకా ఈ అనుమానం ముదురుగా ఉంటుంది. అందులోనూ ఆకుపచ్చవాటి మీద ఎక్కువ. యేల్ విశ్వవిద్యాలయంలో ఆనీ వెర్ట్స్, కారెన్ విన్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో ఎనిమిది నుంచి పద్దెనిమిది నెలల పిల్లల ముందు మొక్కల్నీ మామూలు వస్తువుల్నీ పెట్టారు. వస్తువుల్ని చటుక్కున పట్టుకున్న పసివాళ్లు మొక్కల్ని ముట్టడానికి మాత్రం తటపటాయించారు. తోటకూరను చూసి ముఖం ముడుచుకునే మూడేళ్ల పిల్ల ఆ జాగ్రత్తనే కొనసాగిస్తోంది.

ఈ భయం అందరిలో ఒకేలా ఉండదు. ఇంగ్లండ్‌లో లూసీ కుక్, జేన్ వార్డల్ బృందం ఎనిమిది నుంచి పదకొండేళ్ల కవలల్ని పరిశీలించి, కొత్త తిండి అంటే జంకడంలో పిల్లల మధ్య కనిపించే తేడాల్లో 78 శాతం దాకా జన్యువుల పాత్రే ఉందని 2007లో తేల్చింది. అత్త కోడల్ని అనడానికీ ఆడపడుచు వదినను అనడానికీ ఈ విషయంలో ఆధారం చాలా తక్కువ. చేదు సంగతీ అంతే. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాల్లో ఎగిరితే పక్కనున్నతను "చేదు!" అన్నాడు, ఫాక్స్ నాలుకకు మాత్రం ఏ రుచీ తెలియలేదు. ఆ తేడాకు ప్రధాన కారణమైన జన్యువు 2003లో దొరికింది. కొందరు పిల్లలకు క్యాబేజీ లాంటి కూరలు నిజంగానే ఎక్కువ చేదు. వాళ్లు నటించడం లేదు. మన వంటవాళ్లకు దీని విరుగుడు ముందునుంచే తెలుసు: కాకరకాయ పులుసులో బెల్లం, చింతపండు, సరిపడా ఉప్పు. ఉప్పు చేదును అణుస్తుందని పాల్ బ్రెస్లిన్, గ్యారీ బోషాంప్ 1997లో ప్రయోగంతో చూపించారు.

రుచుల చదువు పుట్టకముందే మొదలవుతుంది. తల్లి తిన్న వెల్లుల్లి వాసన గర్భంలోని ఉమ్మనీటిలోకి చేరుతుందని 1995లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థలో జూలీ మెనెల్లా బృందం చూపింది. 2001లో వాళ్లే మరో మెట్టు ఎక్కారు. గర్భం చివరి నెలల్లోనో పాలిచ్చే రోజుల్లోనో క్యారెట్ రసం తాగిన తల్లుల పిల్లలు, తర్వాత క్యారెట్ కలిపిన తిండిని తక్కువ చిరాకుతో తీసుకున్నారు. మన బాలింత పథ్యాలు ఈ చోట కొంచెం ఎదురు నడుస్తాయి. అది వేడి, ఇది వాతం, ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలు అంటూ కారప్పొడి అన్నంతో నెలలు గడిపించే ఇళ్లున్నాయి. పథ్యం వెనుక ప్రేమ ఉందని నాకు తెలుసు. కానీ నెలల తరబడి ఒకే రుచి తిన్న తల్లి పాలలో బిడ్డకు అందే రుచులు కూడా తక్కువే. బాలింతకు పప్పులో పాలకూర వేసి పెడితే తల్లికి రక్తం, బిడ్డకు తొలి పరిచయం.

బిడ్డ ఇప్పటికే మూడేళ్లదయితే ఏం చేయాలి? ఇక్కడే శాస్త్రం చెప్పే అతి సాదా మాట ఒకటుంది. మళ్లీ పెట్టండి. లియాన్ బర్చ్, డయాన్ మార్లిన్ 1982లో రెండేళ్ల పిల్లలకు వాళ్లు ఎన్నడూ తినని తిండి పెట్టారు. ఒకదాన్ని 20 సార్లు, మరోదాన్ని 15, ఇంకోదాన్ని 10, 5, చివరిదాన్ని 2 సార్లు. ఎక్కువసార్లు ఎదురైన తిండినే పిల్లలు ఎక్కువ ఇష్టపడ్డారు. చూపించడం చాలదని, నాలుకకు తగలాలని బర్చ్ బృందం 1987లో మరో ప్రయోగంలో చూపింది. జేన్ వార్డల్ బృందం 2003లో ఇదే పనిని తల్లిదండ్రులకు అప్పగించింది: పిల్లవాడు వద్దన్న ఒక కూరగాయను 14 రోజులపాటు రోజూ కొద్దిగా రుచి చూపించడం. ఇష్టమూ పెరిగింది, తినే మోతాదూ పెరిగింది. మరి మన ఇళ్లలో జరిగేదేమిటి? మూడుసార్లు, మహా అయితే అయిదుసార్లు పెట్టి "మావాడికి బెండకాయ పడదు" అని తీర్పు రాసేస్తాం. ఆ తీర్పు పిల్లవాడు వింటాడు. చుట్టాల ముందు తనే అప్పజెబుతాడు.

పదిసార్లు పెట్టమనడం తేలికే. పది సార్లు పారేసే స్తోమత ఎవరికుంది? బోస్టన్ ప్రాంతంలోని కుటుంబాలతో మాట్లాడి కైట్లిన్ డేనియల్ 2016లో ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్న మీదే. తక్కువ ఆదాయమున్న తల్లులకు మంచి తిండి విలువ తెలియక కాదు. పిల్లలు వద్దంటే పారేయాల్సి వస్తుందని, తినేదే కొంటున్నారు. గోడాదరాలో లెక్క ఇంతకంటే గట్టిది. మీటరుకు ఇన్ని పైసలని కూలి లెక్కగట్టే ఇంట్లో, మధ్యాహ్నమంతా కూర్చుని చీరలకు లేసు కుట్టి దారాలు కత్తిరించిన తల్లి చేతిలో గిన్నెడు కూర పారేయడం పాపమనిపిస్తుంది. అందుకే నేను చెప్పేది గిన్నె కాదు, శనగగింజంత. ఇంట్లో అందరికీ వండిన తోటకూర పప్పు నుంచి, పెద్దవాళ్ల కంచంలోంచే, చిటికెన వేలి కొసంత. తింటే తింటాడు. నాకి ఉమ్మేసినా లెక్కలోకి వస్తుంది. పిల్లవాడి కోసం విడిగా ఏదీ వండొద్దు. వారంలో రెండు రోజులు ఎలాగూ వండే కూరే అయితే రెండు నెలల్లో పదిహేను సార్లు దాటుతుంది, పైసా దండగ ఉండదు.

ఇక బలవంతం. ఇందులో మన జాతికి సాటి లేదు. ముక్కు మూసి పోయడం, బూచోడిని పిలవడం, ఇప్పుడైతే ఫోను చేతికిచ్చి బొమ్మలు చూస్తున్నప్పుడు నోట్లో కుక్కడం. అమీ గ్యాలవే, బర్చ్ తదితరులు 2006లో చిన్నపిల్లలకు రెండు రకాల సూపులిచ్చి, ఒకదాని దగ్గర మాత్రం "సూపు అంతా తాగెయ్" అని పదేపదే చెప్పించారు. ఏమీ అనని సూపునే పిల్లలు ఎక్కువ తాగారు. పోరిన సూపు మీద వాళ్లు చేసిన ఫిర్యాదులూ ఎక్కువే. లంచం కూడా ఇంతే పని చేస్తుంది. "ఇది తాగితే అది ఇస్తాం" అన్న షరతుతో తాగించిన పానీయం మీద పిల్లలకు ఇష్టం తగ్గిందని బర్చ్ 1984లోనే చూపింది. "పప్పు తింటే పాకెట్" అన్న మాటలో పిల్లవాడికి వినబడేది ఒకటే: పప్పు శిక్ష, పాకెట్ బహుమానం. ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. ఇంగ్లండ్‌లో కుక్, వార్డల్ బృందం రుచి చూసినందుకు ఒక చిన్న స్టిక్కర్ ఇస్తే అది హాని చేయలేదు, మేలే చేసింది. బహుమానం తిండి కాకూడదు, షరతు కంచమంతా ఖాళీ చేయడం కాకూడదు. ఫోను సంగతి వేరే చెప్పాలా? బొమ్మలు చూస్తూ మింగిన పిల్లవాడు కంచంలో ఏముందో చూడనే చూడడు. పరిచయం జరగకపోతే పదిసార్లు పెట్టినా అది మొదటిసారే.

అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ 1980లలో దీనికి ఒక పని విభజన చెప్పింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. ఎవరి పని వాళ్లు చేస్తే గొడవ లేదు. చదవడానికి హాయిగా ఉంటుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టడమే ప్రేమ అనుకునే మన ఇళ్లలో ఒంటబట్టడం కష్టం. గోరుముద్దలు మానేయమని నేననను. అయిదేళ్ల పిల్లకు కూడా తల్లే తినిపిస్తుంటే మాత్రం, ఆ పిల్ల కడుపు నిండిందో లేదో తేల్చేది తల్లి చెయ్యే అవుతుంది. రెండో ఏడు రాగానే చిన్న పళ్లెం ఒకటి విడిగా పెట్టి, కింద పోసుకోనివ్వడం మేలు. నేల తుడవడం పేచీ కన్నా సులువు.

పిల్లవాడి పక్కన ఎవరు కూర్చుని తింటున్నారన్నది కూరంత ముఖ్యం. దీని మీద నాకు బాగా నచ్చిన ప్రయోగం ఉప్మా రవ్వతో చేసింది. ఎల్సా అడెస్సీ బృందం 2005లో రెండు నుంచి అయిదేళ్ల పిల్లల ముందు రంగు వేసిన రవ్వ పెట్టింది. పక్కన పెద్దమనిషి ఉత్తినే కూర్చుంటే పిల్లలు అంతగా తినలేదు. ఆ మనిషి వేరే రంగు రవ్వ తింటున్నా పెద్ద తేడా లేదు. అదే రంగు రవ్వ తింటున్నప్పుడు మాత్రం పిల్లలు ధైర్యంగా నోట్లో పెట్టుకున్నారు. "తిను" అనడం కాదు, అదే తినడం. తల్లి నిలబడి పిల్లకు పాలకూర పెట్టి, తను మాత్రం ఆవకాయతో కానిచ్చేస్తే ఆ పిల్లకు సాక్ష్యం దొరకదు.

గోడాదరాలో ఈ సలహాకు పెద్ద అడ్డు షిఫ్టు. సాంచాల కార్ఖానాల్లో పన్నెండు గంటల పని మామూలు. పగటి షిఫ్టు వాళ్లు ఇల్లు చేరేసరికి పిల్లలు కునుకుతుంటారు. రాత్రి షిఫ్టు వాళ్లు పిల్లలు బడికి వెళ్లే వేళకు వచ్చి పడుకుంటారు. "కుటుంబమంతా కలిసి భోంచేయండి" అని పోస్టరు అతికించిన మనిషికి ఈ సంగతి తెలిసి ఉండదు. అయితే కలిసి తినడానికి తండ్రే కావాలని లేదు. రోజుకు ఒక్క పూట, ఎవరో ఒక పెద్ద, అదే కూర చాలు. నాయనమ్మ ఉంటే నాయనమ్మ. లేకపోతే రాత్రి షిఫ్టు దిగివచ్చిన తండ్రి పొద్దున తినే అన్నం పళ్లెం దగ్గర పిల్లవాడిని కూర్చోబెట్టినా సరే.

పెద్దలకన్నా బలమైన గురువులు తోటిపిల్లలు. ఒక కూరగాయను ఇష్టపడని పిల్లను, దాన్ని ఇష్టంగా తినే పిల్లల బల్ల దగ్గర కొన్ని రోజులు కూర్చోబెడితే ఎంపిక మారుతుందని బర్చ్ 1980లోనే గమనించింది. సూరత్‌లో దీనికి బడి ఉంది. నగర్ ప్రాథమిక్ శిక్షణ్ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. గుజరాత్‌లో బడి భోజనం 1984లో మొదలైంది. ఇంట్లో పొట్లకాయ అంటే పారిపోయే పిల్లవాడు బడి వరసలో కూర్చుని కూరగాయల ఖిచిడీ తినేసి వస్తాడు. తల్లికి అది తెలిసినప్పుడు కోపం వస్తుంది, "మా ఇంట్ల పెడితే ముట్టడు" అని. కోపం అక్కర్లేదు, అడిగి తెలుసుకుని అదే ఇంట్లో వండితే సరి. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనంలో గుడ్డు ఉంటుంది, గుజరాత్‌లో ఉండదు. ఊరు మారిన పిల్లకు ఆ గుడ్డు ఇంట్లోనే అందాలి. అదృష్టవశాత్తు, గుజరాత్ అంతా శాకాహారమే అనుకునేవాళ్లకు సూరత్ ఒక ఆశ్చర్యం. ఇక్కడి కోడిగుడ్డు బండ్లకు, ముఖ్యంగా 'అండా ఘోటాలా'కు, రాష్ట్రమంతటా పేరుంది.

ఇక దుకాణం ముందు వేలాడే పాకెట్ దగ్గరికి వద్దాం. పిల్లల తిండి గురించి జరిగిన అతి పెద్ద సాహసం ఒకటి దీన్ని అర్థం చేసుకోవడానికి సాయపడుతుంది. క్లారా డేవిస్ అనే వైద్యురాలు 1920లలో అమెరికాలో తల్లిపాలు మాన్పించిన పసిపిల్లల్ని తీసుకుని, ఏం తినాలో వాళ్లనే తేల్చుకోమంది. మొత్తం పదిహేను మంది. పళ్లెంలో ముప్పైకి పైగా రకాల్లోంచి ఏ పూటకాపూట కొన్ని: పాలు, గుడ్లు, మాంసం, చేప, గోధుమ, ఓట్లు, అరటిపండు, టమాటా, బీట్‌రూట్, పాలకూర, విడిగా ఒక గిన్నెలో ఉప్పు. నర్సులు పెట్టకూడదు, పొగడకూడదు, తిట్టకూడదు. పిల్ల వేలు చూపిస్తే చెంచాతో అందివ్వాలి, అంతే. ఒకడు పొద్దున్నే నారింజ రసం, కాలేయం తిన్నాడు. ఇంకొకరు రాత్రికి గుడ్లు, అరటిపళ్లు, పాలు. ఏ ఇద్దరి తిండీ ఒకటి కాదు. అయినా అందరూ చక్కగా పెరిగారు. ఎముకల మెత్తదనంతో వచ్చిన ఒక బిడ్డ పక్కన కాడ్ చేప కాలేయపు నూనె పెడితే, జబ్బు నయమయ్యేదాకా అప్పుడప్పుడు తనే తాగి తర్వాత మానేశాడు. ఈ కథను పట్టుకుని "పిల్లలకు తెలుసు, వదిలేయండి" అనేవాళ్లున్నారు. డేవిస్ 1939లో తనే చెప్పింది, కిటుకంతా పళ్లెంలో ఉన్న జాబితాలో ఉందని. అందులో చక్కెర లేదు, మైదా లేదు, డబ్బా తిండి లేదు. ఎలా ఎంచుకున్నా మంచిదే దొరికే చోట పిల్లల ఎంపిక మంచిదవుతుంది. గోడాదరా గల్లీ మూలమీద పిల్లవాడి ముందున్న జాబితా వేరు.

ఆ జాబితాను లెక్కగడదాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల బిడ్డకు రోజుకు సుమారు 1,100 కేలరీలు చాలు. అయిదు రూపాయల పాకెట్ ఒక్కోదాంట్లో 70 నుంచి 100 దాకా. ఇక్కడి గుజరాతీ మాటలో పడీకు. పిల్లలు తెలుగు కన్నా ముందు నేర్చే మాటల్లో ఇదొకటేమో. అలాంటి పాకెట్లు రెండు, చక్కెర వేసిన చాయ్ ఒక కప్పు, అందులో ముంచిన బిస్కెట్లు నాలుగు కలిపితే 330 దాటుతుంది. అంటే అన్నం పళ్లెం ముందు కూర్చోకముందే రోజులో మూడో వంతు దాదాపు అయిపోయింది. ప్రొటీను, ఇనుము, పీచు నామమాత్రం; ఉప్పు, నూనె, చక్కెర ఉన్నాయి. ఇక రాత్రి ఎనిమిదింటికి ఆ పిల్లకు ఆకలి ఎక్కణ్నుంచి వస్తుంది? ఆమెది మొండితనం కాదు, నిండిన కడుపు. చాయ్ మరో దెబ్బ కొడుతుంది. తేయాకులోని టానిన్లు పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుమును పట్టేసి ఒంటికి అందనివ్వవు. నిమ్మకాయ, జామకాయ, ఉసిరికాయల్లోని సి విటమిన్ చేసేది సరిగ్గా దీనికి తిరగబడ్డ పని. పిల్లల అన్నం వేళ నుంచి చాయ్‌ను తీసేసి నిమ్మచెక్క పిండడం, నా ఉద్దేశంలో, ఈ అధ్యాయంలో అన్నింటికన్నా చవకైన వైద్యం. పాలు మంచివే, కానీ రోజుకు అర లీటరు దాటితే అవీ ఆకలిని మింగేస్తాయి.

పాకెట్‌ను పూర్తిగా నిషేధించమంటారా? అనను. జెన్నిఫర్ ఫిషర్, బర్చ్ 1999లో చేసిన ప్రయోగాల్లో, కళ్లెదుట ఉంచి అందనివ్వని తిండి మీదే పిల్లల ధ్యాస పెరిగింది. ఇంట్లో డబ్బాలో దాచి తాళం వేయడం కన్నా ఇంటికి తేకపోవడం మంచిది. వారానికొకసారి కొన్నా, ఏ షరతూ లేకుండా, మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత ఇవ్వాలి. మరి నాలుగు గంటల ఆకలికి ఏం పెట్టాలి? ఇక్కడ సూరత్ మనకు చాలా ఇస్తుంది. చలికాలంలో పోంక్ వస్తుంది: లేత జొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి రాల్చిన పచ్చి గింజలు. సూరతీలు సేవ్ కలుపుకుని పండగలా తింటారు. మన నాయనమ్మలు చేనుగట్టు మీద తిన్న ఊసబియ్యం ఇదే కదా! ఉత్తరాయణం నాటికి వీధివీధినా పల్లీ చిక్కీ, నువ్వుల చిక్కీ. సూరతీ పాప్డీ మన చిక్కుడుకు దగ్గర చుట్టం. తాందల్జో అంటే తోటకూరే, సువా అంటే సోయకూర. మరాఠీ వాళ్లుండే గల్లీల బజార్లలో అంబాడీ పేరుతో గోంగూర దొరుకుతుంది. పక్కింటి పిల్ల టిఫిన్ డబ్బాలో మెంతి థేప్లా ఉంటుంది, మన పిల్ల దాన్ని అడిగి మరీ తింటుంది. మెంతికూర వద్దన్న పిల్లే!

తెలిసిన రుచిని ఆసరా చేసుకుని కొత్తదాన్ని దగ్గర చేయడం పిల్లల విషయంలో బాగా పని చేసే పద్ధతి. దీనికి తెలంగాణ వంటిల్లు పుట్టిల్లు. సర్వపిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు ఎలాగూ ఉంటాయి. గుప్పెడు తోటకూర సన్నగా తరిగి కలిపితే కరకరలాడే అంచుకోసం పోట్లాడే పిల్లలు దాన్ని గమనించరు, గమనించినా వదలరు. మక్క గారెల్లో సోయకూర, జొన్న రొట్టె మీద పల్లీ పొడి, పెసరట్టులో పాలకూర. ఒక హెచ్చరిక: కూరను రుబ్బి దాచిపెట్టడమే అలవాటు చేస్తే పిల్లకు ఆ కూర రూపం ఎన్నటికీ పరిచయం కాదు. కలిపినదాన్ని కలిపామనే చెప్పాలి. ఆకులు తుంచే పని ఆ పిల్లకే అప్పగిస్తే ఇంకా మంచిది. చేత్తో ముట్టిన ఆకు నోటికి సగం దూరం వచ్చినట్టే.

ఇదంతా ఎక్కడో అమెరికా పిల్లల సంగతి అనిపిస్తే, మన పల్లెల్లోనే జరిగిన పెద్ద పరీక్ష ఒకటి ఉంది. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్ బృందం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 60 పల్లెల్ని మూడు భాగాలు చేసింది. ఒక్కో భాగంలో 20 పల్లెలు, 200 మంది తల్లీబిడ్డలు. మొదటి భాగానికి మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో భాగంలో శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్లు ఇంటింటికీ వెళ్లి బిడ్డకు ఏం పెట్టాలో చెప్పారు. మూడో భాగంలో దానితో పాటు ఎలా పెట్టాలో కూడా చెప్పారు: బిడ్డ ఆకలి సైగల్ని గమనించడం, మాట్లాడుతూ పెట్టడం, ఆడించడం. మూడు నెలల వయసు నుంచి ఏడాదిపాటు సాగింది. ఫలితాలు 2013లో వచ్చాయి. రెండు, మూడు భాగాల పిల్లలకూ శక్తి, ప్రొటీను, ఎ విటమిన్, ఇనుము, జింక్ ఎక్కువ అందాయి. ఎదుగుదల గిడసబారడం మాత్రం రెండో భాగంలోనే తగ్గింది, మానసిక వికాసపు మార్కులు మూడో భాగంలోనే పెరిగాయి. ఒకే సలహా అన్నిటినీ బాగుచేస్తుందని ఈ ఫలితం చెప్పడం లేదు. కానీ ఆ పల్లెల్లో ఎవరి జీతమూ పెరగలేదు, ఇంటికి ఏ ఖరీదైన డబ్బా రాలేదు. ఊరి ఆడమనిషి రెండు వారాలకోసారి వచ్చి కూర్చుని మాట్లాడింది. గోడాదరా సొసైటీల్లో అలాంటి పని చేయగల తెలుగు ఆడవాళ్లు లేరంటే నేను నమ్మను.

చివరగా, ఏది పేచీ, ఏది జబ్బు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో 67.1 శాతం, తెలంగాణలో 70, గుజరాత్‌లో 79.7. రక్తం తగ్గితే ఆకలి తగ్గుతుంది, ఆకలి తగ్గితే రక్తం ఇంకా తగ్గుతుంది. ఈ సుడిలో పడ్డ పిల్లకు బతిమాలడం పనికిరాదు, ఐరన్ సిరప్ కావాలి. నులిపురుగులకు సాధారణంగా ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో ఉచితంగా మాత్ర ఇస్తారు. ఏడాది నిండిన పిల్లలందరికీ వేయించాలి. మలబద్ధకం, పిప్పిపళ్లు కూడా తిండి మాన్పిస్తాయి. బరువు వరుసగా రెండు మూడు నెలలు పెరగకపోయినా, మింగుతుంటే దగ్గు, వాంతి వస్తున్నా, మొత్తం తినే పదార్థాలు వేళ్ల మీద లెక్కపెట్టేంతకు తగ్గి ఒకటొకటీ రాలిపోతున్నా, మట్టి, సుద్ద, బియ్యం తింటున్నా ఇంటి చిట్కాలు ఆపి డాక్టరుకు చూపించాలి. ఉమర్వాడాలోని స్మిమేర్, మజూరా గేట్ దగ్గరి న్యూ సివిల్ రెండూ ప్రభుత్వ ఆసుపత్రులే. ఇవేవీ లేకుండా పిల్ల ఆడుతూ పాడుతూ ఉంటే, నెలకోసారి అంగన్‌వాడీ త్రాసు మీద నిలబెట్టి బరువు కార్డులో గీత పైకి వెళ్తోందో లేదో చూడండి. వెళ్తుంటే, ఆ రాత్రి మిగిలిన ఒక్క బుక్క మీరే తినేయండి.